సాహెబ్ ఇంటి సింగిడి చేపలు

రిటైరైనవాడు జ్ఞాపకాలు రాస్తున్నాడంటే అందులో ఒక ఆనకట్టో, ఒక వరదో, కనీసం ఒక సస్పెన్షనో ఉంటుందని చదివేవాళ్ళు ఆశపడతారు. నా దగ్గర అవేవీ లేవు. తెలుగూ మరాఠీ రెండూ వినబడే నాందేడ్‌లో ఒక సర్కారీ కాలువల కచేరీలో ట్రేసర్‌గా చేరి, ట్రేసర్‌గానే ముసలివాణ్ణయ్యాను. ట్రేసర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంజనీరు గీసిన నక్షా మీద పల్చటి మైనపు గుడ్డ పరిచి, కింద కనబడే గీతనే పైన మళ్ళీ గీసేవాడు. ఆ గీత తప్పని తెలిసినా తప్పుగానే గీయాలి. అన్నేళ్ళు ఆ పని చేసినవాడికి పెద్దవాళ్ళ గొప్పతనం మీద గురి కుదరడం కష్టం.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీ కాలంలో కచేరీ అంతా ఒక్కటై చేసిన పని ఏదైనా ఉందా అని. ఎందుకు లేదు? పెద్ద సాహెబ్ దగ్గర్నుంచి నీళ్ళు పోసే మనిషి దాకా అందరం ఒళ్ళు వంచి పనిచేసిన సందర్భం నా సర్వీసులో ఒకటుంది. కాలువ కోసం కాదు, కరువు కోసం కాదు. గాజు తొట్టిలోని పది చేపల కోసం.

ఎనభైల మొదట్లో మాకు పుణె వైపు నుంచి ఒక సాహెబ్ బదిలీ మీద వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైనా బాగుండేది, వాళ్ళు ఏదో ఒకటి తేల్చి చెప్తారు. ఈయన నోట్లో ఒకటే మాట ఉండేది: "బఘూ". మరాఠీలో చూద్దాం అని. సెలవు అడిగితే బఘూ, కాలువకు గండి పడిందంటే బఘూ. ఆయన నిజంగా చూసేది ఒక్కదాన్నే, బంగళా హాల్లో పెట్టుకున్న ఆ గాజు తొట్టిని. బంగళా, కచేరీ ఒకే ప్రహరీలో ఉండేవి కనుక ఆ తొట్టి బాధ్యత మెల్లగా కచేరీ మీదికి పాకింది.

చేపలను ఆయన బొంబాయి నుంచి తెచ్చుకున్నాడు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, రైలు ప్రయాణం పొడవునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. రెయిన్‌బో చేపలు అన్నాడు. మేమందరం సంబరంగా వెళ్ళి చూశాం. వేలెడంత కూడా లేవు, తెల్లగా వెలిసిపోయి ఉన్నాయి.

"ఏంది ఇవి? మన వాగుల పరకల లెక్కున్నయి," అని మా హెడ్ క్లార్కు నా చెవిలో అన్నాడు. పైకి మాత్రం చేతులు కట్టుకుని, "బహుత్ ఖూబ్ సాబ్," అన్నాడు.

సాహెబ్ ఒక ఇంగ్లీషు పుస్తకం తెరిచి బొమ్మ చూపించాడు. నీలపు వీపు, పక్కలకు ఎర్రటి చారలు, రెక్కలకు పసుపు అంచు. పిల్లప్పుడు ఈ చేపలకు రంగుండదు, ఏడాది పైన పెరిగితేనే వస్తుందన్నాడు. గుంపుగా ఉండాలి, బెదరకూడదు, బతికున్న పురుగు తినాలి, తొట్టి మీద మూత ఉండాలి, లేకపోతే దూకేస్తాయి. రంగొచ్చాక పొద్దుటి ఎండలో చూడాలి వీటిని, అన్నాడు. చెప్తుంటే ఆయన కళ్ళు మెరిశాయి. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తరువాత తేలింది. ఈ కథలో చేపల గురించి తెలిసినవాడు ఆయనొక్కడే. ఎంత తెలిస్తే ఏం లాభం, చుట్టూ మేమున్నాం.

తొట్టి చూసుకునే పని మర్ఖేలామె మీద పడింది. దెగ్లూర్ దగ్గరి మర్ఖేల్ నుంచి వచ్చిన మనిషి కనుక అలాగే పిలిచేవాళ్ళం. కచేరీలో రోజందారీ మీద, అంటే రోజుకూలీ మీద, కుండలు నింపేది, ఎండాకాలం కిటికీల వట్టివేళ్ళ తడికలు తడిపేది. ఆమెకు చేపల గురించి తెలిసింది వండటం వరకే. మాట మాత్రం కోసినట్టుండేది, మాతో తెలుగులోనైనా సాహెబ్‌తో మరాఠీలోనైనా.

రోజందారీ వాళ్ళ సంగతి మీకు చెప్పాలి. ఒకే మనిషి విడవకుండా కొంతకాలం పనిచేస్తే పర్మినెంట్ చేయమని అడిగే హక్కు వస్తుంది. ఆ హక్కు రాకుండా గడువు ఇంకాస్త ఉందనగా ఆ మనిషిని కొన్నాళ్ళు ఆపేసి, మళ్ళీ కొత్తగా పెట్టుకున్నట్టు పెట్టుకునేవాళ్ళు. దాన్ని బ్రేక్ అనేవాళ్ళం. మర్ఖేలామె బిరేకు అనేది. ఆమె కచేరీలో నాకంటే ముందునుంచి ఉంది. అయినా ప్రతిసారీ కొత్త మనిషే.

చేపలు వచ్చిన వారంలో ఒక పొద్దున సాహెబ్ ఉషారుగా వరండాలో నిలబడి ఉంటే ఆమె ఎదురుగా పోయి నిలబడింది.

"సాహెబూ, నన్ను కాయం జెయ్యిండ్రి. నా ఎనుక అచ్చినోళ్ళందరు కాయమైండ్రు. నాకెప్పుడు జూసినా బిరేకే."

సాహెబ్ బఘూ అనబోయి, ఏం గుర్తొచ్చిందో నవ్వాడు. "ముందు నా చేపలకు రంగు తెప్పించు. రంగొచ్చిన రోజే నీ కాగితం ఔరంగాబాద్ పెద్ద కచేరీకి పంపిస్తా," అన్నాడు మరాఠీలో. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. మా వైపు తిరిగి, "అందరి ముంగట అన్నరు. యాదుంచుకోండ్రి," అంది.

ఆ రోజు నుంచి ఆమె వాటిని సింగిడి చేపలనేది. మా వైపు ఇంద్రధనుస్సును సింగిడి అంటారు. పొద్దున రాగానే బంగళాకు పోయి తొట్టి ముందు కూర్చుని, రంగు వచ్చిందా అని ఒక్కొక్క చేపనూ చూసేది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినంత శ్రద్ధగా చూసేది.

ఇంతలో ఊరందరికీ తెలిసిపోయింది, సాహెబ్ మనసు ఎక్కడుందో. బిల్లు పాస్ కావాల్సినవాడు, బదిలీ ఆపుకోవాల్సినవాడు, ఊరికే మొహం చూపించిపోదామని వచ్చినవాడు, అందరూ ఆ హాల్లో కూర్చోవాల్సిందే. కూర్చున్నవాడు ఊరుకుంటాడా? బాయిసాహెబ్, అంటే సాహెబ్ భార్య, లోపలి నుంచి చూస్తుందేమోనని లేచి చేపలకు ప్రేమగా ఏదో ఒకటి వేసేవాడు. పావ్ ముక్క, చివ్డా, బూందీ, శనివారమైతే కొబ్బరి ప్రసాదం. ఒక జూనియర్ ఇంజనీరైతే ఘాట్ నుంచి రాగి చెంబుతో గోదావరి నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసి దండం పెట్టాడు. వానాకాలపు గోదావరి. రెండు రోజులు చేపలు కనబడలేదు.

"వద్దు సార్, ఎయ్యకుండ్రి, నీళ్ళు కంపు గొడుతున్నయి," అని మర్ఖేలామె అడ్డం పడేది. రోజందారీ మనిషి చెప్తే వినడానికి వచ్చారా వాళ్ళు?

చేపలు చావడం మొదలైంది.

ఇక్కడ మా కచేరీ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. సాహెబ్ కంటికి నష్టం కనబడకూడదు. గాజు గ్లాసు పగిలితే ఆయన చూడకముందే ఇంకో గ్లాసు ఆ చోట పెట్టాలి. గ్లాసులు లెక్కకు సరిపోతే ఏ గ్లాసూ పగలలేదన్నమాట. ఈ పద్ధతిలో మేం కుర్చీలు, లాంతర్లు, కొలతల గొలుసులు ఎన్నో కాపాడుకుంటూ వచ్చాం. హెడ్ క్లార్కు దాన్నే చేపలకూ వర్తింపజేశాడు. ఆయన నాందేడ్‌లో పాత తెలుగు వ్యాపార కుటుంబం మనిషి, గల్లా దగ్గర కూర్చోవాల్సినవాడు దారి తప్పి కచేరీకి వచ్చాడు. సాహెబ్ క్యాంపు మీద పోయినప్పుడు చచ్చిన చేపను తీయించి, ఆయన తిరిగొచ్చేలోగా కొత్తది వేయించేవాడు.

కొత్తవి తెచ్చేది మా గుత్తేదారు. కాలువ పనులన్నీ ఆయనవే. సొంత పనుల మీద హైదరాబాద్ పోయినప్పుడల్లా అక్కడి దుకాణంలో అవే జాతి పిల్లలను కొని, రాత్రి బండిలో పట్టుకొచ్చేవాడు. ఆయన కట్టిన కాలువ గోడ ఏడాది తిరక్కుండా ఒరిగింది గాని, చేపల సప్లై మాత్రం ఏనాడూ ఆగలేదు. ఆయన్నీ అంత తక్కువ చేయకూడదు.

మర్ఖేలామె ఒకసారి హెడ్ క్లార్కు బల్ల దగ్గరికి వచ్చింది. నా బల్ల పక్కదే.

"సచ్చింది సచ్చిందని సాహెబుకు చెప్పుండ్రి బాబుసాబ్. మీరు తెచ్చేటియి చిన్న పిల్లలు. ఇయ్యాల ఒకటి, రేపొకటి మారిస్తె ఇగ రంగు ఎప్పుడస్తది?"

"చెప్త. ఎవలు సంపిండ్రంటడు. చేపలు ఎవరి హవాలకున్నయి? నీ హవాలకు. చెప్పుమంటవా?"

హవాలా అంటే మా కచేరీ మాటలో అప్పగింత. ఆమె కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. చెప్తే పని పోతుంది. చెప్పకపోతే రంగు రాదు, రంగు రాకపోతే కాగితం పోదు. ఇంత చక్కగా మనిషిని ఇరికించడానికి మా హెడ్ క్లార్కు ఏ చదువూ చదవలేదు. ఆ పూట నాకు ఆయన మీద వచ్చిన కోపం ఆయన పోయాక కూడా పూర్తిగా తగ్గలేదు.

అసలు విచిత్రం ఇంకా ముందుంది. మొదట బొంబాయి నుంచి వచ్చినవాటిలో నాలుగు గట్టివి. పావ్ తిని, ప్రసాదం తిని, గోదావరి బురద తాగి కూడా బతికాయి. బతికి, పెరిగాయి. ఒకరోజు సాహెబ్ క్యాంపు నుంచి వచ్చే ముందు హెడ్ క్లార్కు నన్ను వెంటబెట్టుకుని తొట్టి చూడబోయాడు. చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇగో, నాలుగు పెద్దగున్నయి, ఆరు చిన్నగున్నయి. అన్ని ఒక్కనాడు తెచ్చినయి గదా. సాహెబ్ అడిగితె ఏం జెప్తం?"

ఆ నాలుగింటిలో ఒకదాని పక్కకు దారప్పోగంత ఎర్రటి చార కనబడింది. "అన్నా, దానికి రంగు పడుతున్నట్టున్నది," అన్నాను.

"గదే పరేషాని. ఒక్కదానికస్తె కడమయిటికి ఎందుకు రాలేదంటడు. తియ్యిపిచ్చు. అన్ని ఒక్క తీరుండాలె."

నేను ఎంత చెప్పినా వినలేదు. పెద్దవి నాలుగూ బకెట్లోకి వెళ్ళాయి. వాటి బదులు గుత్తేదారు తెచ్చిన పిల్లలు నాలుగు వచ్చాయి. పది చేపలూ పది కాపీల్లా తయారయ్యాయి. హెడ్ క్లార్కు తృప్తిగా నిట్టూర్చి, బకెట్ మోరీలో పారబోయమని మర్ఖేలామెకు చెప్పాడు.

ఆమె మోరీ దాకా పోలేదు. "పాణమున్నయిటిని మోరీల ఏస్తరా ఎవలన్న," అని గొణుక్కుంటూ కచేరీ వెనక హౌజులో వదిలేసింది. నిజాం కాలపు రాతి హౌజు అది. వట్టివేళ్ళ తడికలు నానబెట్టడానికి వాడేవాళ్ళం. బావినీళ్ళు, పైన పచ్చటి పాచి, నిండా దోమ పిల్లలు. ఎండాకాలం పోయాక పాత తడికలు రెండు అందులోనే మునిగి ఉండిపోయేవి. ఆ వైపు ఎవరూ పోరు. ఆమె కూడా చేపల్ని వదిలి మరిచిపోయింది. సాహెబ్ చూసేవి తొట్టిలో చేపలు కదా, ఆమె బతుకు అక్కడే ఉంది.

తొట్టిలో చేపలకు మాత్రం వయసే రాలేదు. సాహెబ్ పుస్తకం తిరగేశాడు. వెలుతురు తక్కువేమోనని ట్యూబులైటు పెట్టించాడు. బెదురుతున్నాయేమోనని వెనక నీటి లోపలి సీనరీ గీయమని నాకు పని పెట్టాడు. కుండల్‌వాడిలో పుట్టి గోదావరి తప్ప వేరే నీళ్ళు చూడని నేను, కాలువ నక్షాల గుడ్డ మీద సముద్రం గీశాను. గవ్వలు, పగడపు చెట్లు, ఒక తాబేలు. సర్వీసులో నేను సొంతంగా గీసిన బొమ్మ అదొక్కటే.

అయినా రంగు రాలేదు. చివరికి సాహెబ్ మర్ఖేలామెను పిలిచి, "నువ్వు వీటిని పస్తులు పెడుతున్నావు. లేకపోతే ఇన్నాళ్ళకు ఎదగకుండా ఉంటాయా?" అన్నాడు. హెడ్ క్లార్కు అక్కడే నిలబడి నేల చూశాడు. ఆమె ఆయన వైపొకసారి, నా వైపొకసారి చూసి, "పెడుతనే ఉన్న సాహెబూ," అంది. నెల తిరక్కముందే ఆమెకు మళ్ళీ బ్రేక్ వచ్చింది.

అప్పుడే ఔరంగాబాద్ నుంచి పైసాహెబ్ తనిఖీకి వచ్చాడు. పొద్దున్నే వచ్చాడు, ముందు బంగళాలో నాస్తా. హాల్లో మేమంతా గోడలకు అంటుకుని నిలబడ్డాం. గుత్తేదారు కొత్త చొక్కా వేసుకుని తొట్టికి కాపలా కాసినట్టు నిలబడ్డాడు. అంతమంది మొహాలు చూసి చేపలు నా పగడపు చెట్టు ముందు ఒక మూలకు గుంపుగా నక్కాయి. ఉన్న ఆ కాస్త మెరుపు కూడా పోయి అద్దం ముక్కల్లా ఉన్నాయి.

"రెయిన్‌బో అంటే ఇవేనా?" అన్నాడు పైసాహెబ్. "ఇలాంటివి మా ఊరి చెరువులో ఫుకట్‌కు దొరుకుతాయి."

సాహెబ్ మొహం మాడిపోయింది. పైసాహెబ్ బుగ్గన పాన్ పెట్టుకుని, కాసేపటికి ఉమ్మడానికి చోటు వెతుక్కుంటూ కచేరీ వెనక్కి నడిచాడు. ఇంత కచేరీలో ఆయనకు హౌజు పక్కనే చోటు దొరికింది. ఉమ్మడానికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఇక్కడికి రండి," అని పిలిచాడు.

పరుగెత్తాం. ఏటవాలు ఎండ హౌజులో పడుతోంది. పాచి పక్కకు తొలగిన చోట నాలుగు చేపలు తిరుగుతున్నాయి. జానెడు ఉన్నాయి. వీపు నెమలి మెడ నీలం, పక్కలకు ఎర్రటి చారలు, రెక్కలకు పసుపు. రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఇంకా ముదురు రంగు తేలుతున్నాయి. నేను జీవితమంతా రంగు సిరాలతో గడిపినవాణ్ణి, అలాంటి రంగు ఎన్నడూ చూడలేదు.

సాహెబ్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆయన మొహంలో చిన్నపిల్లవాడి సంతోషం కనబడింది. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు గౌరవం కలిగింది. అది మరుక్షణమే పోయింది.

"నావే సర్. ఆరుబయట ఎలా పెరుగుతాయోనని ఒక ప్రయోగం చేశాను," అన్నాడు లేచి.

"నేనే రోజూ చూసుకుంటున్నాను సర్," అన్నాడు హెడ్ క్లార్కు.

"బాబుసాబ్ పారబొయ్యిమన్న చేపలవి," అని వెనకనుంచి ఒక గొంతు.

మర్ఖేలామె. మళ్ళీ పనిలోకి ఎప్పుడు రావాలో అడుగుదామని పొద్దున్నే వచ్చి కూర్చుందట. లేచి ముందుకొచ్చింది. మరాఠీలోనే పైసాహెబ్‌కు చెప్పింది, మోరీలో వేయమంటే తాను హౌజులో వేశానని, అంతకు మించి తానేమీ చేయలేదని. తరువాత మా సాహెబ్ వైపు తిరిగింది. "రంగచ్చింది సాహెబూ. అందరి ముంగట మాటిచ్చిండ్రు. నా కాగితం పంపుండ్రి."

సాక్షులం ఎంతోమందిమి. ఔనండి, అన్నారు, అని నేనే అన్నాను. హెడ్ క్లార్కు నా కాలు తొక్కాడు. పైసాహెబ్ పడీపడీ నవ్వి, "పంపించవయ్యా, ఆమె కాగితం పంపించు," అని చెప్పి జీపెక్కాడు.

జీపు గేటు దాటగానే సాహెబ్ ఆ నాలుగింటినీ తొట్టిలోకి మార్పించాడు. జూనియర్ ఇంజనీర్లు ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, వలలతో, బకెట్లతో హౌజులో దిగి తరిమారు. ఆయన పుస్తకంలోనే ఉంది, బెదిరితే రంగు పోతుందని. ఆ సంతోషంలో ఆయనకు ఆ పేజీ గుర్తులేదు. కచేరీ మూసే వేళకు ట్యూబులైటు కింద, నా సముద్రం ముందు, నాలుగు చేపలూ మిగతా పదింటిలాగే తెల్లగా పాలిపోయి నిలబడ్డాయి.

సాహెబ్ ఆమెను పిలిపించాడు. "చూడు. ఏదీ రంగు? నేనన్నది తొట్టిలో చేపల సంగతి. వీటికి రానీ, అప్పుడు బఘూ."

ఆమె తొట్టి దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే ఒక్కొక్క చేపనూ చూసింది. గొంతు పెంచలేదు.

"ఈటికి గూడ బిరేకు పడ్డది సాహెబూ," అంది. అని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ హడావిడిలో తొట్టికి మూత పెట్టడం ఎవరికీ తట్టలేదు. తెల్లారేసరికి పెద్దవి రెండు నేల మీద ఎండిపోయి ఉన్నాయి, మిగిలిన రెండూ ఆ వారంలోనే పోయాయి. అప్పటికే పైసాహెబ్‌కు పది చేపలని చెప్పి ఉన్నారు కనుక హెడ్ క్లార్కుకు ఏ ఇబ్బందీ కలగలేదు. లెక్క సరిపోయింది.

కాగితం వెళ్ళలేదు. బ్రేక్ అయ్యాక రమ్మని ఆమెకు కబురు పంపారు గాని ఆమె రాలేదు. ఆమె చోట ఇంకొకామెను పెట్టుకున్నారు. సాహెబ్ ప్రమోషన్ మీద వెళ్ళిపోయాడు. తొట్టిని గడ్డిలో చుట్టి లారీ ఎక్కించారు. నా సముద్రం మాత్రం ఆయన వదిలేసి వెళ్ళాడు, చాలాకాలం సైకిల్ స్టాండు మీద కప్పుగా పనికొచ్చింది.

మీరు ఇప్పుడు కొత్త కచేరీల్లో, కొత్త యంత్రాల ముందు కూర్చుంటారు. మాకున్న తెలివితక్కువతనం మీకు లేదనుకుంటారు. మంచిదే. మీ దగ్గర బ్రేక్‌కు ఇప్పుడు ఏం పేరు పెట్టారో ఒకసారి కనుక్కోండి.

ఆ తరువాత ఎప్పుడో ఒక పెళ్ళికి మర్ఖేల్ పోయాను. బజారులో కూరగాయల గంపల ముందు ఆమె కనబడింది. నన్ను గుర్తుపట్టి, పక్కకు జరిగి గోనెసంచి పరిచింది.

"కూసో తమ్మీ. సాహెబు చేపలకు రంగచ్చిందా?"

చెప్పాను. ఆయన చేపలకు రాలేదు. కానీ హౌజులో తిరిగిన ఆ నాలుగూ, మునిగి ఉన్న వట్టివేళ్ళ తడికలకు గుడ్లు పెట్టిపోయాయి. కొద్ది రోజులకే తడికలు కదిలిస్తే దారప్పోగుల్లా పిల్లలు. ఇప్పుడు హౌజు నిండా సింగిడి చేపలే, అన్నిటికీ రంగుంది. కొత్త సాహెబ్‌కు ఆ సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆమె వంకాయల మీద నీళ్ళు చల్లడం ఆపి విన్నది.

"ఎవల హవాలకున్నయి?"

"ఎవరి హవాలకూ లేవక్కా."

"గట్లయితె బతుకుతయి తియ్యి," అంది.